ముందు ఒక పన్ను ఎక్కువ: హైవే మీద ఆర్‌పీఎం తగ్గించిన నా అనుభవం

నా బండి 400 సీసీకి కాస్త తక్కువున్న సింగిల్ సిలిండర్, ఆరు గేర్లు. ట్రాఫిక్‌లో దానికి వంక పెట్టడానికి ఏమీ లేదు. హైవే ఎక్కి గంటకు 100 కిలోమీటర్ల దగ్గర నిలకడగా పెట్టినప్పుడే చిక్కు. ఆ వేగంలో టాప్ గేర్‌లో మీటర్ 5,950 ఆర్‌పీఎం చూపిస్తుంది, అంటే ఇంజిన్ నిమిషానికి అన్ని చుట్లు తిరుగుతోందన్నమాట. ఈ ఇంజిన్‌కు అదురు పట్టేది 5,700 నుంచి 6,200 మధ్యలోనే. హ్యాండిల్ గ్రిప్పుల్లోంచి సన్నటి జలదరింపు అరచేతుల్లోకి ఎక్కుతుంది, గంట గడిచేసరికి కుడిచేతి చివరి రెండు వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, అద్దాల్లో వెనక లారీ మసకగా కనిపిస్తుంది. ఎడమ కాలు తనకు తెలియకుండానే గేర్ లివర్ కిందకు దూరి, లేని ఏడో గేర్ కోసం వెతుకుతూ ఉంటుంది.

స్ప్రాకెట్ (చైన్ ఎక్కి తిరిగే పళ్ళ చక్రం, ముందు ఇంజిన్ దగ్గర ఒకటి, వెనక చక్రానికి ఒకటి) మార్చాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. ఇంజిన్ ఆయుష్షు కోసం చేశానని మాత్రం చెప్పను. ఈ ఇంజిన్ స్ట్రోక్, అంటే పిస్టన్ పైనుంచి కిందికి పోయే దూరం, 60 మిల్లీమీటర్లు. 5,950 దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 12 మీటర్ల లోపే. 10,000 దాకా తిరగడానికి తయారుచేసిన ఇంజిన్‌కు అది బరువు కాదు, ఆయిల్ సరిగ్గా ఉంటే రోజంతా అలా తిరగగలదు. నాకు కావలసింది చేతులకు సుఖం, చెవులకు కాస్త నిమ్మళం.

పని మొదలుపెట్టే ముందు కాగితం, పెన్ను తీసుకున్నాను. ఇంజిన్ తిరుగుడు వెనక చక్రానికి చేరేలోపు మూడు చోట్ల తగ్గుతుంది. మొదటిది క్రాంక్ నుంచి క్లచ్‌కు వెళ్ళే ప్రైమరీ, నా బండికి 30కి 80 పళ్ళు, అంటే 2.667. రెండోది గేర్‌బాక్స్, ఆరో గేర్‌లో 25కు 21 పళ్ళు, అంటే 0.84. మూడోది చైన్, ముందు 15, వెనక 45, సరిగ్గా 3. మూడింటినీ గుణిస్తే 6.72. వెనక చక్రం ఒక చుట్టు తిరగాలంటే టాప్ గేర్‌లో ఇంజిన్ 6.72 చుట్లు తిరగాలన్నమాట.

ఇక చక్రం. వెనక టైరు 150/60-17, అంటే వెడల్పు 150 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ 17 అంగుళాలు. 17 అంగుళాల రిమ్ అంటే 431.8 మిల్లీమీటర్లు, దానికి రెండు వైపులా 90 చొప్పున టైరు గోడ కలిపితే వ్యాసం 611.8. చుట్టుకొలత 1.92 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్లంటే నిమిషానికి 1,667 మీటర్లు, చక్రం 867 చుట్లు. దాన్ని 6.72తో గుణిస్తే 5,830 దాకా వస్తుంది. మీటర్‌లో మాత్రం 5,950 ఉంది. తేడా రెండు శాతం. మనిషి ఎక్కాక టైరు నేల దగ్గర నొక్కుకుపోయి, ఒక చుట్టులో కాగితం మీద ఉన్నంత దూరం పోదు కాబట్టి ఆ తేడా. ఈ లెక్కలో నేను 100 అంటున్నది జీపీఎస్ చూపించిన 100. బండి స్పీడోమీటర్ ఆ సమయంలో 105 చూపిస్తుంది. ఏ బండి స్పీడోమీటరైనా కాస్త ఎక్కువే చూపించేలా పెడతారు, అందుకే దాన్ని నమ్ముకుని ఈ లెక్క వేయకూడదు.

ఈ మూడింటిలో మనం ఇంట్లో కూర్చుని మార్చగలిగింది మూడోదొక్కటే. ముందు పళ్ళు పెంచినా, వెనక పళ్ళు తగ్గించినా ఆర్‌పీఎం తగ్గుతుంది. ముందు 15 బదులు 16 పెడితే చైన్ నిష్పత్తి 2.8125 అవుతుంది, తగ్గింపు 6.25 శాతం. అదే తగ్గింపు వెనక నుంచి కావాలంటే 45 నుంచి 42కు, అంటే మూడు పళ్ళు దిగాలి. అప్పుడు నిష్పత్తి 2.8. రెండూ దాదాపు ఒకటే. ముందు ఒక పన్ను వెనక మూడు పళ్ళతో సమానమని బండ్ల వాళ్ళు చెప్పే మాట 15/45కు కచ్చితంగా అతుకుతుంది. స్టాక్ నిష్పత్తి, అంటే కంపెనీ ఇచ్చినది, వేరుగా ఉన్న బండికి ఆ మూడు రెండున్నర కావచ్చు, మూడున్నర కావచ్చు.

మరి ఏది మార్చాలి? నేను ముందుది ఎంచుకోవడానికి రెండు కారణాలు. చైన్ అనేది గుండ్రంగా వంగే తాడు కాదు, విడివిడి లింకులు. పళ్ళు తక్కువున్న చక్రం మీద అది బహుభుజిలాగా మలుపు తిరుగుతుంది, కాబట్టి ముందు స్ప్రాకెట్ ఒకే వేగంతో తిరుగుతున్నా చైన్ వేగం లోపల్లోపల పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. 15 పళ్ళ మీద ఆ హెచ్చుతగ్గు సుమారు 2.2 శాతం, 16 మీద 1.9. చిన్న తేడాయే, అయినా మంచి వైపు తేడా. ఇక ముందు స్ప్రాకెట్ వ్యాసం పెరిగితే, అదే ఇంజిన్ టార్క్‌కు చైన్ మీద పడే లాగుడు ఆ మేరకు తగ్గుతుంది. వెనకది చిన్నది చేస్తే చైన్‌కు ఆ మేలు లేదు. చెడు వైపు ఒకటుంది, అదీ చెప్పాలి. చైన్‌లో లింకులు ఎప్పుడూ సరిసంఖ్యే, లోపలి లింకు, బయటి లింకు ఒకదాని తర్వాత ఒకటి. స్ప్రాకెట్ పళ్ళు బేసి అయితే ప్రతి పన్నూ ఒకసారి లోపలి లింకును, మరోసారి బయటి లింకును పట్టుకుంటుంది, అరుగుదల అందరికీ పంచినట్టు ఉంటుంది. 16 లాంటి సరిసంఖ్య అయితే ఒక పన్ను ఎప్పుడూ ఒకే రకం లింకుతో కలుస్తుంది. కంపెనీ నుంచే సరిసంఖ్య పళ్ళతో వచ్చే బండ్లు బోలెడున్నాయి కాబట్టి దీన్ని భయపడాల్సిన విషయంగా తీసుకోలేదు. చైన్ అరుగుదల చూసేటప్పుడు గుర్తుపెట్టుకుంటే చాలు.

అడ్డు పడేది అసలు జాగా. నాది 520 చైన్, ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు 15.875 మిల్లీమీటర్లు. ఆ లెక్కన 15 పళ్ళ స్ప్రాకెట్ మీద పిన్నుల వరస వ్యాసం 76.35 మిల్లీమీటర్లు, 16 మీద 81.37. అంటే చైన్ ప్రతి వైపూ రెండున్నర మిల్లీమీటర్లు బయటకు జరుగుతుంది. ఆ రెండున్నరకు ఇంజిన్ కేసింగ్ లోపల చోటుందా లేదా అన్నది బండిని బట్టి ఉంటుంది. కొన్నిటికి ముందు ఒక పన్ను పెంచగానే చైన్ కేసింగ్‌ను గీకుతుంది. కొన్నిటికి అదే సందులో క్లచ్‌ను నెట్టే కడ్డీ (పుష్‌రాడ్) పోతుంది.

గేర్ లివర్ లింకేజీ విప్పి, స్ప్రాకెట్ కవర్ బోల్టులు తీశాను. కవర్ వెనక చైన్ ల్యూబూ మట్టీ కలిసి నల్లటి ముద్దలా గట్టిపడి ఉంది. దాన్ని చెక్క పుల్లతో గోకి, కిరోసిన్ గుడ్డతో తుడిచాక గానీ స్ప్రాకెట్ కూర్చునే షాఫ్ట్ వెనక ఆయిల్ సీల్ కనపడలేదు. సీల్ పొడిగా ఉంది. అది చెమ్మగిల్లి ఉంటే స్ప్రాకెట్ ఎలాగూ ఊడదీస్తున్నాం కాబట్టి మార్చుకోవడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. అక్కడ పెట్రోల్ వాడకపోవడం మంచిది, సీల్‌నూ చైన్‌లోని ఓ-రింగులనూ అది తినేస్తుంది.

ముందు స్ప్రాకెట్‌ను పట్టి ఉంచే నట్‌ను చైన్ ఎక్కి ఉండగానే వదులు చేయాలి. చైన్ తీసేశాక షాఫ్ట్‌ను ఆపేది ఏదీ ఉండదు. లాక్ వాషర్ మడత ఉలితో విప్పి, ఒక మనిషి బండి మీద కూర్చుని వెనక బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకుంటే, పొడుగు పైపు తొడిగిన రెంచ్‌తో నేను తిప్పాను. బరువంతా వేస్తే గానీ కదల్లేదు. నాకు సాయం పట్టిన మెకానిక్ తమ్ముడికి ఈ పని మీద మొదటినుంచీ అనుమానమే.

“అన్నా, వెనక మనిషినెక్కించుకుని ఘాట్ ఎక్కేటప్పుడు బండి చచ్చిపోతది. మళ్ళీ పాతదే వెయ్యమంటవ్, చూడు.”

“అందుకే పాతది పారెయ్యకు తమ్ముడూ, నూనె రాసి కవర్లో పెట్టు,” అన్నాను.

అతను చెప్పిందాంట్లో నిజం ఎంతుందో తర్వాత చెబుతాను.

కొత్త 16 పళ్ళది షాఫ్ట్ గాళ్ళ మీద సన్నగా గ్రీజు రాసి ఎక్కించాను. పాత స్ప్రాకెట్ పళ్ళు ఒకవైపు ఒరిగి కొక్కెంలా మారి ఉంటే, లేదా వెనక స్ప్రాకెట్ మీద చైన్‌ను వేళ్ళతో పట్టి లాగితే పన్ను సగం బయటపడుతుంటే, కొత్త స్ప్రాకెట్ ఒక్కటే వెయ్యడం దండగ. సాగిన చైన్ కొత్త పళ్ళను కొద్ది రోజుల్లోనే తన వాటానికి అరగదీస్తుంది. నా చైన్ సగం వయసులో ఉంది, సాగుదల మాన్యువల్ చెప్పిన హద్దు లోపలే ఉంది, అందుకని దాన్నే ఉంచాను.

జాగా ఎంత మిగిలిందో చూడటానికి పిల్లలు ఆడుకునే మైనం ముద్దలు వాడాను. చైన్ కేసింగ్‌కు దగ్గరగా వెళ్ళే చోట్ల, పైనా ముందూ కిందా, గోళీ అంత ముద్దలు అతికించి, చైన్ ఎక్కించి, వెనక చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పాను. లింకుల అచ్చు మైనం మీద మెట్లు మెట్లుగా పడింది. ముద్ద పీకి కాలిపర్‌తో మందం చూస్తే అన్నిటికన్నా ఇరుకు చోట 3 మిల్లీమీటర్లు. అది కూడా చైన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పటి మాట. వేగంలో చైన్ పైకీ కిందకీ ఊగుతుంది, కాస్త మట్టీ పేరుకుంటుంది. 3 మిల్లీమీటర్లు నాకు సరిపోయాయి, 1 మాత్రమే మిగిలి ఉంటే ముందుది వదిలేసి వెనక వైపు పోయేవాణ్ణి. నట్ కింద కొత్త లాక్ వాషర్ వేసి, మాన్యువల్‌లో రాసిన టార్క్‌కు బిగించి, మడత వంచాను. ఈ నట్‌ను చేతి అంచనాతో బిగించి వదిలేసేవాళ్ళను చాలామందిని చూశాను. ఇది ఊడితే చైన్ ఎక్కడికి పోయి చుట్టుకుంటుందో ఊహించుకుంటే టార్క్ రెంచ్ కోసం ఒకరోజు ఆగడం కష్టమనిపించదు.

ముందు ఒక పన్ను పెరిగితే చైన్‌లో అర లింకు అటు ఖర్చవుతుంది, దానివల్ల వెనక ఇరుసు దాదాపు 4 మిల్లీమీటర్లు ముందుకు జరగాలి. స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) గాడిలో ముందుకు జరగడానికి ఆ మాత్రం చోటు ఉందో లేదో కొనకముందే చూసుకోవాలి. చైన్ కాస్త సాగి ఇరుసు ఇప్పటికే వెనక్కి వచ్చి ఉంటే ఇబ్బంది లేదు. కొత్త చైన్ మీద ఇరుసు ముందు చివరకు ఆని ఉంటే మాత్రం అదే చైన్ పట్టదు. జరిపాక చైన్ లూజును ఒక్కచోట చూసి ఊరుకోకుండా చక్రం తిప్పుతూ అన్నిటికన్నా బిగుతుగా ఉన్న చోట చూశాను. చక్రం వంకర లేకుండా ఉందో లేదో స్వింగార్మ్ మీది గీతలను బట్టి కాక, స్వింగార్మ్ ఫ్రేమ్‌కు తగిలే పివట్ నుంచి ఇరుసు దాకా రెండు వైపులా టేపుతో కొలిచాను.

మర్నాడు పొద్దున్నే, గాలి లేని సమయంలో, హైవే ఎక్కాను. జీపీఎస్‌లో 100 దగ్గర మీటర్ 5,580 చూపించింది. లెక్క చెప్పింది కూడా అంతే. కానీ చేతులకు తెలిసిన తేడా 370 ఆర్‌పీఎం తేడాలా లేదు. కారణం ఇది. అదురు బండి వేగానికి కట్టుబడి ఉండదు, ఇంజిన్ తిరుగుడుకు కట్టుబడి ఉంటుంది. నా ఇంజిన్‌లో ఆ పట్టీ 5,700 నుంచి 6,200. పాత స్ప్రాకెట్‌తో ఆ పట్టీ 96 నుంచి 104 కిలోమీటర్ల వేగం మీద పడేది, నేను రోజంతా నడిపే వేగం సరిగ్గా దాని నడుమ. కొత్తదానితో అదే పట్టీ 102 నుంచి 111కు జరిగింది. అదురు ఎక్కడికీ పోలేదు, ఇప్పటికీ 105 పెడితే గ్రిప్పుల్లో తగులుతుంది. నేను ఉండే చోటు నుంచి మాత్రం తప్పుకుంది. 95 నుంచి 100 మధ్య బండి ఇప్పుడు నున్నగా పోతుంది, అద్దంలో లారీ నంబరు ప్లేటు కనిపిస్తుంది.

అందుకే ఎవరైనా స్ప్రాకెట్ గురించి అడిగితే నేను మొదట అడిగేది రెండే. నువ్వు రోజూ ఎక్కువసేపు ఉండే వేగం ఎంత, నీ బండి ఏ ఆర్‌పీఎం నుంచి ఏ ఆర్‌పీఎం దాకా అదురుతుంది? ఈ రెండూ తెలియకుండా పన్ను పెంచితే, ఇప్పటిదాకా నున్నగా ఉన్న వేగం మీదికే అదురు పట్టీని తెచ్చి కూర్చోబెట్టుకునే ప్రమాదం ఉంది. 110 దగ్గర నడిపేవాడికి నా మార్పు సరిగ్గా అదే చేస్తుంది. స్టాక్ స్ప్రాకెట్‌తో అతను 6,500 పైన, అదురు దాటి హాయిగా పోతూ ఉంటాడు. 16 పళ్ళతో 6,100కు దిగి అదురులో ఇరుక్కుంటాడు.

ఇక మెకానిక్ తమ్ముడి మాట. స్ప్రాకెట్ ఒక్క టాప్ గేర్‌నే మార్చదు, ఆరు గేర్లనూ ఒకే శాతంలో పొడుగు చేస్తుంది. నాకు కావలసింది ఆరో గేర్‌లో మార్పు, దానికోసం మొదటి గేర్‌లోనూ 6.25 శాతం లాగుడు వదులుకోవాలి. మొదటి గేర్ మొత్తం నిష్పత్తి 21.33 నుంచి 20కి దిగింది. ఒక్కణ్ణే నడిపేటప్పుడు అది నాకు తెలియలేదు. వెనక మనిషి, రెండు వైపులా బ్యాగులతో ఎక్కుడు మీద ఆగి మళ్ళీ కదిలేటప్పుడు క్లచ్‌ను పాత అలవాటు కన్నా అర సెకను ఎక్కువ జార్చాల్సి వస్తుంది. హెయిర్‌పిన్ మలుపుల్లో ఇంతకుముందు రెండో గేర్‌లో తిరిగేవి కొన్ని ఇప్పుడు మొదటి గేర్ అడుగుతాయి. బండి చచ్చిపోలేదు గానీ అతను అన్న దాంట్లో నిజం లేకపోలేదు.

ఎదురుగాలి మరో సంగతి. 100 వేగంలో నిటారుగా కూర్చున్న మనిషితో బండి గాలిని చీల్చడానికీ టైర్ల రాపిడికీ కలిపి చక్రం దగ్గర సుమారు 11, 12 హార్స్‌పవర్ కావాలి. గాలికి అయ్యే ఖర్చు వేగం ఘనంలో పెరుగుతుంది, 100 నుంచి 110కి పోతే మూడో వంతు అదనం. స్ప్రాకెట్ ఈ అవసరాన్ని రవ్వంత కూడా తగ్గించదు. అదే పవర్‌ను తక్కువ తిరుగుడులో ఇవ్వమని ఇంజిన్‌ను అడుగుతుంది, అంతే. కాబట్టి థ్రాటిల్ కాస్త ఎక్కువ తెరుచుకుంటుంది. గాలి లేనప్పుడు ఇది మంచిదే. థ్రాటిల్ తెరుచుకున్నకొద్దీ ఇంజిన్ గాలి పీల్చడానికి పడే శ్రమ తగ్గుతుంది, రాపిడీ తగ్గుతుంది, పెట్రోల్ కొంత మిగులుతుంది. నాకు లీటరుకు ఒకటి, ఒకటిన్నర కిలోమీటర్లు కలిసొచ్చినట్టు కనిపించింది. ట్యాంకు నింపడంలో వచ్చే తేడాలు కూడా దాదాపు అంతే ఉంటాయి కాబట్టి దాని మీద పందెం కాయను. మైలేజీ ఒక్కటే కావాలంటే 100 బదులు 94లో పోతే చాలు. స్ప్రాకెట్ ముట్టుకోకుండానే అంతే ఆర్‌పీఎం తగ్గుతుంది, గాలికి పెట్టే పవర్ ఆరో వంతు దాకా మిగులుతుంది.

టాప్ స్పీడ్ పెరుగుతుందని కూడా కొందరు ఆశపడతారు. ఇలాంటి బండ్లలో టాప్ స్పీడ్‌ను గాలి నిర్ణయిస్తుంది. ఇంజిన్ గరిష్ఠ పవర్ ఇచ్చే ఆర్‌పీఎం నుంచి కిందికి దిగిపోతే టాప్ గేర్‌లో వేగం తగ్గవచ్చు కూడా.

ముందు మార్పు బాగుందనిపించాక ఇంకొంచెం పోయి చూద్దామని వెనకది 42 తెచ్చాను. 16/42 అంటే 2.625, మొత్తం తగ్గింపు 12.5 శాతం. ఇరుసు ఈసారి 12 మిల్లీమీటర్లు వెనక్కి జరిగింది, గాడిలో చోటు ఉంది. 100 దగ్గర మీటర్ 5,200కు దిగింది. మొదటి రోజు నిజంగా ముచ్చటేసింది. చదును రోడ్డు మీద ఇంజిన్ ఉన్నట్టే తెలియలేదు, గాలి చప్పుడే వినిపించింది.

తర్వాత కాగితం మీద గేర్లన్నీ వరసగా వేసి చూస్తే ఒక విషయం బయటపడింది. నా గేర్‌బాక్స్‌లో ఐదో గేర్ 23కు 22 పళ్ళు, అంటే 0.957. దాన్ని ప్రైమరీతోనూ 2.625తోనూ గుణిస్తే 6.70 వస్తుంది. స్టాక్ బండి ఆరో గేర్ 6.72. అంటే 16/42 వేశాక నా ఐదో గేరే పాత ఆరో గేర్! దాని పైన ఉన్న ఆరోది నా కాలు వెతుక్కున్న ఏడో గేర్ అన్నమాట. ఇలా చూస్తే భలే సంబరంగా ఉంటుంది. ఎదురుగాలి వచ్చినా, ఎక్కుడు వచ్చినా ఐదులోకి దిగితే పాత బండి పాతలాగే ఉంటుంది, పోయిందేమీ లేదు.

పోయింది కింది చివర. పైన ఒక గేర్ కలిసిందంటే కింద అంత మేరకు ఖాళీ అయిందనే అర్థం. మొదటి గేర్ 18.67కు దిగింది. ఇంజిన్ 1,700 ఐడిలింగ్‌లో క్లచ్ పూర్తిగా వదిలేస్తే స్టాక్ బండి గంటకు 9 కిలోమీటర్లతో పాకేది, ఇప్పుడు 10 దాటి పోతుంది. రాసుకుంటే ఒక్క కిలోమీటరే. జనం మధ్య నడక వేగంలో పోవాల్సినప్పుడు ఆ ఒక్క కిలోమీటరును ఎడమ చెయ్యి క్లచ్ మీద భరించాలి. పొడుగాటి ట్రాఫిక్‌లో క్లచ్ ప్లేట్లు వేడెక్కి, లివర్‌లో పట్టు దొరికే చోటు మారిపోవడం చేతికి తెలిసేది. అటు టాప్ గేర్ కూడా 70 దగ్గరికి వస్తే గానీ వేయడానికి వీల్లేదు. 3,500 కింద సింగిల్ సిలిండర్ చైన్‌ను గుంజి గుంజి వదులుతుంది, ఆ దడదడ గేర్‌బాక్స్‌కు గానీ చైన్‌కు గానీ మంచిది కాదు. స్టాక్ బండిలో ఆ హద్దు 59, 16/45లో 63, ఇప్పుడు 67. రెండు లేన్ల రోడ్డు మీద 60, 70 మధ్య గడిచే బతుకులో ఆరో గేర్ ఉండీ లేనట్టయింది.

కొన్నాళ్ళు అలా నడిపి వెనక 45 తిరిగి వేసేశాను. హైవే మీద రోజుకు ఆరేడు గంటలు ఒక్కడే పోయేవాడికి 16/42 ఎంతో హాయిగా ఉంటుంది. నా ప్రయాణాల్లో సగం మనిషితో, సామానుతో, ఊళ్ళ మధ్య నుంచి. నాకు ముందు ఒక్క పన్ను చాలు.

స్ప్రాకెట్ మార్చేవాళ్ళు చూసుకోవాల్సినవి ఇంకో రెండున్నాయి. నా బండి స్పీడు తీసుకునేది ముందు చక్రం ఏబీఎస్ రింగు నుంచి, కాబట్టి స్పీడోమీటర్, ఓడోమీటర్ ఏమీ మారలేదు. గేర్‌బాక్స్ షాఫ్ట్ నుంచి తీసుకునే బండ్లలో ముందు పళ్ళు పెరిగితే మీటర్ 6 శాతం తక్కువ చూపించడం మొదలుపెడుతుంది. మీటర్ 100 అంటుంటే ఇంతకుముందు కన్నా వేగంగా పోతుంటారు, ఓడోమీటర్ కూడా తక్కువ తిరుగుతుంది. అలాంటి బండిలో మైలేజీ లెక్క వేస్తే పెరిగింది కూడా తగ్గినట్టు కనిపిస్తుంది. కొన్ని బండ్లలో ఎన్నో గేర్‌లో ఉన్నామో చూపించే అంకె కూడా ఆర్‌పీఎంనూ వేగాన్నీ పోల్చి లెక్కగడుతుంది, అక్కడ నిష్పత్తి మారితే అంకె తడబడవచ్చు. నాది గేర్లు మార్చే డ్రమ్ మీద సెన్సర్, దానికి ఏ స్ప్రాకెట్టయినా ఒకటే. వారంటీలో ఉన్న బండికి ఈ పని చేసేముందు ఆ కాగితాలు ఒకసారి చదువుకోవడం మంచిది.

ఇప్పుడు నా చైన్ సాగుదల హద్దుకు చేరువలో ఉంది, సెట్ మొత్తం మార్చాలి. ఈసారి 16/44 చెప్పాను. నిష్పత్తి 2.75, తగ్గింపు 8 శాతం పైన, 100 దగ్గర 5,450 రావాలి, అదురు పట్టీ 104 నుంచి మొదలవ్వాలి. మొదటి గేర్ 19.56, అంటే 16/45కూ నేను భరించలేకపోయిన 16/42కూ నడుమ, 45 వైపుకే దగ్గరగా. ఇంకో సౌకర్యం కూడా ఉంది. 16, 44 కలిపితే 60, కంపెనీ ఇచ్చిన 15, 45 కలిపినా 60. లింకుల సంఖ్య మార్చనక్కర్లేదు, కొత్త చైన్‌తో ఇరుసు దాదాపు కంపెనీ పెట్టిన గీత మీదే కూర్చుంటుంది, సాగినకొద్దీ వెనక్కి జరుపుకోవడానికి గాడంతా మిగులుతుంది.